అయ్‌నా పుస్తకాలకు అట్టలు

ఈ కథలో ఒక దేశం వస్తుంది. దాని పేరు మాత్రం చెప్పేది లేదు, బతిమాలుకున్నా లేదు. ఆ దేశంలో పద్దెనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతి ఇంకా ఉంది, ఆమె తల్లి ఉంది, వాళ్ళిద్దరి ఫోన్లూ వినే మహానుభావులు కూడా ఉన్నారు. అందుకని ఆ వైపు వాళ్ళ పేర్లన్నీ మార్చినవే. విన్నిపెగ్ పేరు మాత్రం మార్చలేదు. ఆ చలిని పట్టుకెళ్ళి ఇంకో ఊరికి అంటగడితే ఎవరు నమ్ముతారు?

విన్నిపెగ్‌లో ఒక పాత ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్, నాలుగో ఫ్లోర్‌లో కృపాబాయి ఉండేది. అరవై ఆరేళ్ళ మనిషి. నర్సాపురంలో నర్సింగ్ నేర్చుకుని, సౌదీలో పదకొండేళ్ళు, ఇక్కడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయింది. ముగ్గురు తమ్ముళ్ళను చదివించింది, వాళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. నీ పెళ్ళి సంగతేంటమ్మా అని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేది. అందులో అబద్ధమేమీ లేదు.

రిటైరయ్యాక ఆవిడకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నేళ్ళూ తనకు ఉన్నది మనుషులు కాదు, డ్యూటీ. డ్యూటీ అయిపోగానే మనుషులూ అయిపోయారు. ఆదివారం చర్చిలో తెలుగు ఫెలోషిప్‌కి వెళ్ళొస్తే మిగతా ఆరు రోజులూ టీవీయే పలకరించాలి. తమ్ముళ్ళు ఫోన్ చేసేవాళ్ళు, కాదనకూడదు. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళు పక్కవాళ్ళతో వేరే సంగతులు మాట్లాడేసుకోవడం ఈవిడకి వినపడుతూనే ఉండేది.

అలాంటి రోజుల్లో గుల్నార దొరికింది. ఎదురింటి ఆవిడ. బట్టలు సరిచేసే దుకాణంలో కుట్టుపని. ఒక జనవరి పొద్దున ఫైర్ అలారం ఊరికే మోగితే అందరూ పరుగెత్తి కింద లాబీలో నిలబడ్డారు. గుల్నార కాళ్ళకు మేజోళ్ళు కూడా లేవు. కృపాబాయి తన శాలువా తీసి ఆవిడ కాళ్ళకు చుట్టేసింది, అడగనైనా అడక్కుండా. ముప్పయ్యేళ్ళు నర్సుగా చేసిన చేతులు మరి. "థాంక్యూ, సిస్టర్" అంది గుల్నార. ఆ పిలుపు అలాగే నిలిచిపోయింది.

అప్పటినుంచి నాలుగైతే చాలు, ఎవరో ఒకరి ఇంట్లో టీ. ఇద్దరిదీ అతుకుల ఇంగ్లీషే, అయినా కబుర్లకు లోటుండేది కాదు. గుల్నార టీలో పాలు పోయదు. కృపాబాయి దాన్ని కషాయం అనేది, అంటూనే రెండు కప్పులు తాగేది. తన దేశం గురించి గుల్నార పెదవి విప్పేది కాదు. "అక్కడ ఎలా ఉంటుంది?" అంటే "చలిగా ఉంటుంది" అనేది. ఆ దేశం వాళ్ళకు నోరు కుట్టేసుకోవడం ఉగ్గుపాలతోనే వస్తుంది కాబోలు. మాట్లాడేదల్లా అయ్‌నా గురించి. అక్క కూతురు. కాలేజీ ఫస్ట్ ఇయర్. ఫ్రిజ్ మీద ఫోటో ఉండేది, రెండు జడలు, ముందు పన్ను మీద కొంచెం ఎక్కిన పక్క పన్ను.

"ఇంగ్లీషు పుస్తకాలంటే ప్రాణం" అనేది గుల్నార. "అన్నం మానేసి చదువుతుంది."

"కళ్ళు పోతాయని చెప్పు. క్యారెట్ తినమను" అనేది కృపాబాయి, ఆ పిల్ల పక్క గదిలో ఉన్నంత చనువుగా. చూడని పిల్ల మీద అంత మమకారమేమిటంటే ఏం చెబుతాం? చూసిన పిల్లలు ఎవరూ ఆవిడ వైపు చూడలేదు, అంతే. అయ్‌నా పరీక్షలప్పుడు ఇక్కడ ఈవిడ ఉపవాస ప్రార్థన చేసింది. ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళాలని, వెళ్తే ఏ చీర కట్టుకోవాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

పోయిన ఆగస్టు ఆఖరులో గుల్నారకు కడుపులో నొప్పి వచ్చింది. కృపాబాయి చూడగానే పిత్తాశయంలో రాళ్ళని పసిగట్టి, టాక్సీలో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేశారు. జ్వరం తగ్గక వారం రోజులు ఉంచేశారు. మంచం మీదనుంచే గుల్నార తన ఇంటి తాళంచెవి ఈవిడ చేతిలో పెట్టింది.

"బట్టల అల్మరాలో నీలం సంచి ఉంది, సిస్టర్. అయ్‌నాకు పుస్తకాలు. శనివారం సఫర్ వచ్చి అడుగుతాడు. ఉన్నదున్నట్టుగా ఇచ్చెయ్."

సఫర్ అంటే ఏడో ఫ్లోర్‌లో ఉండే ట్రక్ డ్రైవర్, గుల్నార దేశం వాడే. ఏడాదికొకసారి తల్లిని చూడటానికి వెళ్తుంటాడు. ఇందులో కృపాబాయికి వింతేమీ కనిపించలేదు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గొడవ కదా, ఎవరైనా విజయవాడ వైపు వెళ్తున్నారా, అరకిలో మందులున్నాయి, రెండు ఫోన్లున్నాయి, కొంచెం సాయం చేయండి అని. సూట్‌కేసులో ఇంకొకరి సంచి లేకుండా విమానం ఎక్కిన తెలుగువాడు ఉన్నాడా?

'ఉన్నదున్నట్టుగా' అన్న మాటను ఆవిడ మొహమాటం అనుకుంది. ఆడపిల్లకి ఒట్టి పుస్తకాలు పంపిస్తారా ఎవరైనా? కూర్చుని సున్నుండలు చుట్టి, చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బా సంచిలో సర్దుదామని జిప్ తీసింది. తియ్యకపోయినా బాగుండేది.

లోపల మూడు లావుపాటి పుస్తకాలు. ఒకదాని మీద ఊలు అల్లికల బొమ్మ, ఇంకొకదాని మీద కేకు, మూడోదాని మీద షుగర్ పేషంట్ల భోజనం. అట్టలు వంకరగా ఉన్నాయి, గమ్ము అంచుల్లో ఊడి వస్తోంది. తిరగేస్తే లోపల అల్లికలూ లేవు, కేకులూ లేవు. ఏదో మేకలను కాసే పిల్ల కథ! మూడూ దాని భాగాలే.

"ఓరి ముదనష్టం!" అంది కృపాబాయి పైకే. సెకండ్ హ్యాండ్ షాపు వాడెవడో ఒక పుస్తకం అట్ట ఇంకొక దానికి అంటించి, పాపం పిచ్చితల్లి గుల్నారను మోసం చేశాడు. పిల్ల అక్కడ ఆశగా తెరిస్తే పైన షుగర్ పేషంట్ల భోజనమా? ఆవిడ మూడు అట్టలనూ జాగ్రత్తగా తడిపి, ఊడదీసి పక్కన పెట్టింది, గుల్నార వస్తే చూపించి షాపువాడిని నిలదీయమని చెబుదామని.

ఊడదీశాక మొండి పుస్తకాలు మిగిలాయి. వాటిని చూస్తుంటే ఆవిడకు జూన్ నెల గుర్తొచ్చింది. బళ్ళు తెరిచే ముందు రోజు ఇంటినిండా పుస్తకాలు పరుచుకుని, అట్టలకాగితం మడత పెట్టి, మూలలు కత్తిరించి, బిగించి, మీద లేబుల్ అంటించి, పేరు, తరగతి, సబ్జెక్టు పొందికగా రాయడం. ముగ్గురు తమ్ముళ్ళకూ తనే వేసేది. తరవాత సెలవులకు వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లలకూ వేసింది. అన్నీ ఎవరో ఒకరి పిల్లల పుస్తకాలే.

దగ్గర్లో డాలర్ షాపులో స్వీటీ ఉంటుంది, కరీంనగర్ పిల్ల, కాలేజీ చదువుతూ పార్ట్‌టైమ్ చేస్తోంది. బ్రౌన్ పేపర్ చుట్ట చూసి నవ్వింది.

"ఏంది ఆంటీ, పార్సిల్ పంపిస్తున్నరా?"

"కాదే, పుస్తకాలకి అట్టలెయ్యాలి. లేబుల్స్ ఎక్కడున్నాయి?"

"అట్టలా! అయ్యో, మస్తు గుర్తొస్తది ఆంటీ. మా మమ్మీ టెన్త్ దాకా ఏసింది. అట్ట చినిగిందంటే వీపు విమానం మోతే! ఎవరికి, మనవరాలికా?"

"ఆఁ, మనవరాలికే" అంది కృపాబాయి. అన్నాక ఇంటిదాకా ఆ మాటే నెమరేసుకుంటూ నడిచింది.

లేబుల్ మీద సబ్జెక్టు దగ్గర పుస్తకం పేరు రాయాలి కదా. పేరు కోసం మొదటి పేజీ తిప్పింది. రెండో పేజీ కూడా తిప్పింది. గాలిమేకలట, మనిషికి కనపడవట, ఒక్క ఆ పిల్ల ఈలకే వస్తాయట. ఆ రాజ్యంలో రాజు జనం దగ్గర నీడల్ని పన్నుగా వసూలు చేస్తాడు. నీడ లేనివాళ్ళు ఎదురుతిరగలేరు. నాన్న బతికుంటే ఈ పుస్తకాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. చర్చి సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశి ఆయన; మంత్రాల కథలంటే దయ్యపు పని అని, చిన్నప్పుడు ఈవిడ దాచుకున్న పిల్లల పత్రికను పొయ్యిలో పెట్టేశాడు. అందుకని ముందు "ప్రభువా, క్షమించు" అనుకుని, తరవాత కళ్ళజోడు సర్దుకుని, రెండు మధ్యాహ్నాలు కూర్చుని మొదటి పుస్తకం మొత్తం చదివేసింది. అయ్‌నా మూడూ చదివాక ఆ పిల్లతో ఒక్కసారి మాట్లాడగలిగితే ఎంత బాగుండును, కథలోని గుడ్డి మేకపిల్ల చివరికి ఏమైందో అడుగుదును కదా అనిపించింది.

ఆనక మూడింటికీ అట్టలు వేసింది. చక్కటి అచ్చు అక్షరాలు ఆవిడవి, మిషన్ బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న దస్తూరి. లేబుల్ మీద పేరు దగ్గర అయ్‌నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. తరగతి దగ్గర ఫస్ట్ ఇయర్. కాలేజీ పేరు, ఊరి పేరు, అన్నీ పరీక్షల ప్రార్థనకని గుల్నారను అడిగి రాసుకున్నవే. సబ్జెక్టు దగ్గర పుస్తకం అసలు పేరు. మూడు పుస్తకాలకూ మూడు లేబుళ్ళు. శనివారం సఫర్ వచ్చాడు, సున్నుండల డబ్బాతో సహా సంచి తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఆదివారం గుల్నార ఇంటికి వచ్చింది. చర్చికి కూడా వెళ్ళకుండా కృపాబాయి జావ కాచి ఉంచింది. ఆవిడను పడుకోబెట్టి, దిండు సరిచేసి, ఇక ఆగలేక ఆ మూడు పాత అట్టలూ తెచ్చి ముందు పెట్టింది.

"చూశావా, నిన్ను షాపువాడు మోసం చేశాడు! తప్పుడు అట్టలు అంటించాడు. అన్నీ ఊడదీసేశాను. బ్రౌన్ పేపర్ వేసి, అయ్‌నా పేరు రాసి, బుక్ పేరు రాసి..."

గుల్నార ఆ అట్టలు చేతిలోకి తీసుకుంది. "పేరు?" అంది.

"ఆఁ, ఇంటిపేరుతో సహా. పోతే దొరకాలి కదా."

గుల్నార పొట్ట పట్టుకుని లేచి కూర్చుంది. కుట్లున్న మనిషి అలా లేవకూడదని కృపాబాయి అనబోయింది, అనలేకపోయింది. అప్పుడు మూడేళ్ళుగా చెప్పని సంగతి గుల్నార మూడు నిమిషాల్లో చెప్పింది. ఆ దేశంలో పరాయి దేశపు మాయకథలు నిషేధం. రాజులు కూలిపోయే కథలు, పిల్లలు ఎదురుతిరిగే కథలు. ఇంటర్నెట్‌లో చదివితే ఎవరు చదివారో తెలిసిపోతుంది. అందుకని కాగితం మీద, వేరే అట్టల్లో, ఏడాదికి ఇన్ని అని పంపుతారు. ఒక్కొక్క పుస్తకం నలభై, యాభై మంది చేతులు మారుతుంది. దొరికితే ఎవరిదీ కాదు. పేరు ఉండదు కాబట్టి ఎవరిదీ కాదు.

"పేరు ఉండదు" అని గుల్నార మళ్ళీ అంది. "నువ్వు పేరు రాశావు."

కృపాబాయి ఫోన్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "ఫోన్ చెయ్. పారెయ్యమను. దారిలో ఉన్నాడుగా, పారెయ్యమను!"

సఫర్ ఫోన్ ఆఫ్‌లో ఉంది. టొరంటోలో ఒక విమానం, ఇస్తాంబుల్‌లో ఇంకొకటి. మధ్యలో ఎక్కడైనా ఆన్ చేస్తాడేమో అని ఆ పగలంతా ఇద్దరూ ఫోన్ ముందు కూర్చున్నారు. సంచి పారెయ్, సంచి పారెయ్ అని పెట్టిన మెసేజ్‌లకు ఒక్క టిక్కే పడింది. రెండోది పడలేదు. జావ చల్లారిపోయింది. సాయంత్రానికి గుల్నార ఆ మెసేజ్‌లన్నీ రెండు వైపులా చెరిపేసి "ఇక దిగి ఉంటాడు" అంది. అని, గోడ వైపు తిరిగి పడుకుంది.

బుధవారం అక్క ఫోన్ చేసింది. సఫర్‌ను ఎయిర్‌పోర్టులో ఆపారు. సంచి విప్పారు. ఇంకేముంది, దొంగకు దారి చూపినట్టు పేరు, కాలేజీ, ఊరు అన్నీ అందంగా రాసి ఉన్నాయి. నేరుగా కాలేజీకి వెళ్ళి క్లాసులోంచి అయ్‌నాను తీసుకెళ్ళారు. ఎవరు పంపారు, ఇంతకుముందు ఎన్ని వచ్చాయి, ఎవరెవరు చదివారు అని అడుగుతున్నారట. ఆ పిల్ల నోరు విప్పడం లేదట.

ఆ ఫోన్ పెట్టేశాక గుల్నార నడవాలోకి వచ్చి కృపాబాయి తలుపు మీద రెండు చేతులతో బాదింది. తలుపు తీస్తే వాళ్ళ భాషలో తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కృపాబాయి తలవంచుకుని అన్నీ పడింది. ఆఖర్న ఇంగ్లీషులో ఒక్క మాట. "ఉన్నదున్నట్టుగా అన్నాను కదా, సిస్టర్!"

ఆ మాట సూదిలా దిగింది. నిజమే కదా. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే సరిపోయేది. ఎక్కడైనా, ఎప్పుడైనా, అడగని దానికి పోయి చెయ్యి పెట్టడమేగా తన జన్మంతా! ఆవిడ అన్నం వండుకోవడం మానేసింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఫెలోషిప్ పెద్ద ప్రభుదాస్ గారికి ఫోన్ చేసింది. సంగతంతా చెప్పలేదు.

"అయ్యగారూ, ఒక పిల్లని కాపాడ్డానికి అబద్ధం చెబితే పాపమా అండీ?"

"ఎంత అబద్ధమమ్మా?"

"పెద్దదేనండీ. సంతకం పెట్టి చెప్పాలి."

"కృపాబాయి గారూ, నేను రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్నండి. ఇంత లోతు నాకు తెలీదు. మీరు ప్రార్థన చేసుకోండి. చేసుకున్నాక కూడా చెప్పాలనే అనిపిస్తే, చెప్పెయ్యండి. ఆనక ఇద్దరం కలిసి క్షమాపణ అడుగుదాం" అన్నాడాయన. మంచి మనిషి.

శనివారం పొద్దున కృపాబాయి ఎదురింటి తలుపు తట్టింది. గుల్నార తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వాళ్ళకి ఒక మనిషి కావాలి. అంతేనా?" అంది కృపాబాయి. "ఆ మనిషిని నేనే. నా చేతి రాతే కదా అది. ఇదే దస్తూరితో రాసిస్తాను, అంతా నేనే చేశానని. అయ్‌నాకి తెలీదు, నీకూ తెలీదు. నాకేం చేస్తారు? ఇక్కడిదాకా వచ్చి పట్టుకుపోతారా?"

గుల్నార పక్కకు జరిగి లోపలికి రానిచ్చింది. వంటింటి బల్ల దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. అలాంటి ఉత్తరాలు ఎలా ఉండాలో ఆ దేశంలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. గుల్నార చెప్పింది, కృపాబాయి రాసింది.

నేను పరాయి మతప్రచారకురాలిని. పిల్లల మనసులు పాడుచేసే ఉద్దేశంతో ఈ పుస్తకాలు కొన్నాను. గుల్నార ఆసుపత్రిలో ఉండగా ఆమె ఇంట్లో చొరబడి, ఒక ఉత్తరం మీద ఆ అమ్మాయి పేరు, కాలేజీ పేరు చూసి రాసుకున్నాను. ఆమె సంచిలో దొంగచాటుగా పెట్టాను. ఆ అమ్మాయి ఎప్పుడూ అడగలేదు.

ఒక్కొక్క వాక్యం దగ్గరా కృపాబాయి కలం ఆగేది, మళ్ళీ సాగేది. 'పాడుచేసే ఉద్దేశం' అన్నచోట అక్షరాలు కిందికి జారాయి. "అక్షరాలు వంకర పోకూడదు, సిస్టర్. లేబుల్ మీద రాతలాగే ఉండాలి" అంది గుల్నార. ఆవిడ ఆ కాగితం పక్కన పెట్టి, ఇంకో కాగితం తీసుకుని మొదటినుంచి రాసింది.

"ఇంకొక్కటి" అంది గుల్నార. కిటికీలోంచి బయటకు చూస్తూ చెప్పింది. "గుల్నార నా స్నేహితురాలు కాదు."

"అదెందుకు?"

"స్నేహితులమైతే నాకు తెలిసినట్టే. నాకు తెలిస్తే మా అక్కకు తెలిసినట్టే."

అప్పటిదాకా రాసినవన్నీ అబద్ధాలే. అవన్నీ రాయగలిగింది. దీని దగ్గర మాత్రం కృపాబాయికి ఏడుపొచ్చింది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. అరవై ఆరేళ్ళలో స్నేహితురాలు అని చెప్పుకోవడానికి ఒకే ఒక్క మనిషి, ఆ ఒక్క మనిషినీ కాదని తన చేత్తో రాయాలి. గుల్నార ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది, తను కూడా ఏడ్చింది. ఏడుపయ్యాక కృపాబాయి కళ్ళు తుడుచుకుని, కాగితం మీద నీటి చుక్క పడలేదని చూసుకుని, ఆ వాక్యం రాసింది. "గుల్నార నా స్నేహితురాలు కాదు. ఎదురింట్లో ఉంటుంది, అంతే." కింద సంతకం పెట్టింది.

ఫోటో తీసి, అధికారులకు చూపించమని అక్కకు పంపారు. అసలు కాగితం కొరియర్‌లో వెళ్ళింది. పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ కృపాబాయి తిన్నది తిన్నట్టు తెలియదు. పదమూడో రోజు కింద లాండ్రీ గదిలో డ్రయర్ మోగుతుండగా గుల్నార పక్కకు వచ్చి నిలబడింది. డ్రయర్ చప్పుడులో మాట ఎవరికీ వినపడదని అక్కడే చెప్పింది.

"అయ్‌నా ఇంటికి వచ్చింది."

కృపాబాయి చేతిలో బట్టలు మెషిన్ మీద పెట్టేసింది. "స్తోత్రం ప్రభువా. బాగుందా? కొట్టలేదు కదా?"

"బాగుంది. ఒక ఏడాది కాలేజీకి రానివ్వరు. రాత చూశారు, ఉత్తరం చూశారు, సరిపోయింది. నమ్మారు." గుల్నార తువ్వాళ్ళు మడత పెడుతూనే ఉంది. "సఫర్‌ను కూడా వదిలేశారు. వచ్చే వారం వస్తున్నాడు. వాళ్ళు ఎవరినీ ఊరికే వదలరు, సిస్టర్. మనం టీ తాగుతున్నామా, మాట్లాడుకుంటున్నామా, అతను చూడాలి, చెప్పాలి. చెప్పకపోతే అతని తల్లి అక్కడ ఉంది."

"ఎన్నాళ్ళు?"

గుల్నార మడత పెట్టిన తువ్వాళ్ళు బుట్టలో వేసుకుని వెళ్ళిపోయింది. వేరే చోటికి మారిపోదామా అంటే గుల్నార జీతానికి ఆ అపార్ట్‌మెంటే ఎక్కువ. కృపాబాయి మారిపోవచ్చు. కానీ మారితే ఎదురింటి తలుపు తీసిన చప్పుడు కూడా వినపడదు.

అక్టోబరులో మంచు మొదలైంది. నాలుగవుతుంటే కృపాబాయి టీ పెట్టుకునేది, పాలు పోయకుండా. ఎదురింట్లో కెటిల్ ఈల వినపడేది. ఒక్కోరోజు గుల్నార ఫోన్‌లో గట్టిగా నవ్వితే అవతల అయ్‌నా అయి ఉంటుందని ఈవిడ లోపలినుంచి తలుపుకు చెవి ఆనించి నిలబడేది. ఏ ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. అయినా నవ్వు నవ్వేగా, పిల్ల బాగుందన్నమాట అనుకుని వచ్చి కూర్చునేది. ఫెలోషిప్‌లో ప్రభుదాస్ గారు "మనం అడగాల్సిన క్షమాపణ అడుగుదామా అమ్మా?" అంటే, "నేను ఒక్కదాన్నే అడిగేశానండీ, రోజూ అడుగుతున్నాను" అంది. క్రిస్మస్ పండగకు సున్నుండలు చుట్టింది, అలవాటు కొద్దీ రెండు డబ్బాల్లో పెట్టింది, రెండో డబ్బా స్వీటీకి ఇచ్చేసింది. "మనవరాలికి పంపలేదా ఆంటీ?" అంటే "లేదే, ఈసారి ఎవరూ వెళ్ళట్లేదు" అంది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, బయట మైనస్ ముప్పయ్యారు. కృపాబాయి సరుకుల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని లిఫ్ట్ ఎక్కింది. తలుపు మూసుకోబోతుంటే ఎవరో చెయ్యి అడ్డం పెట్టారు. సఫర్. అతని వెనకే గుల్నార, పనినుంచి వస్తోంది, టోపీ మీద మంచు. ముగ్గురూ లోపల నిలబడ్డారు. లిఫ్ట్ చిన్నది. అయిదు నెలల్లో గుల్నార ఇంత దగ్గరగా రావడం ఇదే. జుట్టు నెరిసింది. మనిషి చిక్కిపోయింది. ఆపరేషన్ అయినవాళ్ళు కొవ్వు తినకూడదు, సరిగ్గా తింటోందో లేదో. అడగడానికి కృపాబాయి నోటిదాకా వచ్చింది.

సఫర్ ఏడో నంబరు నొక్కాడు. అతని చూపు నేల మీద ఉంది, చెవులు మాత్రం వీళ్ళ మీద ఉన్నాయి. పాపం అతను మాత్రం ఏం చేస్తాడు?

బటన్ల పక్కన ఉన్నది గుల్నార. చేతి తొడుగు తీసింది. కృపాబాయి రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. గుల్నార ఆవిడ వైపు తిరిగింది. కొత్తవాళ్ళను చూసినట్టు చూసి, మర్యాదగా, స్పష్టంగా అడిగింది.

"మీరు ఏ ఫ్లోర్, మేడమ్?"

కృపాబాయి సంచులు సర్ది పట్టుకుంది.

"నాలుగండీ" అంది.